పాము మింగిన ఎలుక ఎన్నాళ్లకు అరుగుతుంది?

వార్షికోత్సవ సంచికకు సైన్సు వ్యాసం ఒకటి రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు మాకు వెంటనే గుర్తుకొచ్చింది స్టోరు రూము వెనక ఉండే కట్టెల కుప్ప. మేము తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఆ కుప్పలో మూడు రోజులు వరుసగా ఒకే పాము కనిపించింది. పసుపు కలిసిన గోధుమ రంగు, మనిషంత పొడవు. ‘‘ఒక్క తాననే ఉన్నదంటే పగవట్టినట్టే’’ అన్నారు పెద్దవాళ్లు. మూడో రోజు సాయంత్రం పదిమందిమి కర్రలు తీసుకుని పోయి కొట్టి చంపాం. అది పారిపోలేదు. నడుము దగ్గర ఉబ్బి ఉంది, ఈడ్చుకుంటూ కొంచెం కదిలింది. చచ్చేముందు కక్కింది. బయటపడింది ఒక ఎలుక. దాని తల మెత్తబడి కరిగిపోయింది, తోక మాత్రం ఇంకా తోకలాగే ఉంది.

అది జెర్రిపోతు అని, దానికి విషమే ఉండదని మాకు డిగ్రీలో జువాలజీ తీసుకున్న తర్వాత గాని తెలియలేదు. అది పగబట్టి కూర్చోలేదు. తిన్నది అరిగించుకుంటూ పడుకుంది.

పాము నమలదు. దాని పళ్లు లోపలికి వంగి ఉంటాయి, పట్టుకోవడానికే తప్ప నమలడానికి పనికిరావు. కింది దవడ రెండు ఎముకలు మన గడ్డం లాగ ముందు భాగంలో అతుక్కుని ఉండవు, సాగే నరం లాంటి దానితో కలిసి ఉంటాయి. అందుకే తన తలకంటే పెద్ద ఎలుకను కూడా మింగగలదు. ఎక్కువగా తల వైపు నుంచే మింగుతుంది, అలాగైతే కాళ్లు, వెంట్రుకలు అడ్డం తిరగవు. మేము చూసిన ఎలుకకు తల ముందు కరగడానికి కారణం అదే. తల ముందు పోయింది, జఠర రసంలో ముందు నానింది.

మనం అన్నం నమిలి, లాలాజలంతో కలిపి సగం పని నోట్లోనే చేసి పంపిస్తాం. పాము పొట్టకు తోలు, ఎముక, వెంట్రుకలతో సహా మొత్తం జంతువు చేరుతుంది. దాన్ని కరిగించే పనంతా ఆమ్లానిది, పెప్సిన్ అనే ఎంజైముది. అమెరికాలో స్టీఫెన్ సెకోర్ అనే శాస్త్రవేత్త బర్మా కొండచిలువల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. ఖాళీ కడుపుతో ఉన్న కొండచిలువ పొట్టలో ఆమ్లం దాదాపు ఉండదు, పీహెచ్ 7 దాటి ఉంటుంది, అంటే మంచినీళ్ల లాగే. తన బరువులో నాలుగో వంతు బరువున్న ఎలుకను పెడితే ఒక్క రోజులో పీహెచ్ 2కు పడిపోతుంది, తర్వాత 1.5 దగ్గర నిలుస్తుంది. నిమ్మరసం కంటే పులుపు అన్నమాట. సుమారు ఆరు రోజులకు ఎలుక అస్థిపంజరం కూడా పొట్టలోనే కరిగిపోతుంది. చిన్న పేగు బరువు రెండింతలవుతుంది. 2005లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు ఇంకో సంగతి బయటపెట్టారు. తిన్న రెండు రోజుల్లో కొండచిలువ గుండె 40 శాతం పెరుగుతుందట! అరిగిన తర్వాత అన్నీ మళ్లీ మామూలు సైజుకు వస్తాయి. మెస్సులో ఆదివారం కోడికూర తిని మధ్యాహ్నమంతా పడుకునే మనకు ఇంత మార్పు రాదు గాని, ఆ నిద్ర ఎందుకొస్తుందో కొంచెం అర్థమవుతుంది.

అయితే మన జెర్రిపోతు కొండచిలువ లాంటిది కాదు. కొండచిలువ నెలల తరబడి తినకుండా కాచుకుని కూర్చుంటుంది. జెర్రిపోతు వెతుక్కుంటూ తిరిగి తరచుగా తింటుంది. ఇలా తరచుగా తినే పాముల్లో పేగులు అంతగా పెరగడం, తగ్గడం ఉండదు. పొట్ట ఎప్పుడూ ఇంచుమించు సిద్ధంగానే ఉంటుంది.

మరి ఎన్ని రోజులు? దీనికి ఒకే జవాబు లేదు. తిన్నది చిన్నదా పెద్దదా అన్నది ఒకటి, వేడి ఎంత అన్నది రెండోది. పాముకు సొంత ఒంటి వేడి లేదు, చుట్టూ ఎంత ఉంటే దానికీ అంతే. 30 డిగ్రీల దగ్గర మామూలు ఎలుక నాలుగైదు రోజుల్లో అరుగుతుంది. చలి పెరిగితే అదే ఎలుకకు చాలా రోజులు ఎక్కువ పడుతుంది. మరీ చల్లబడితే పొట్టలోనే కుళ్లుతుంది, పాము దాన్ని కక్కేస్తుంది. విదేశాల్లో పాములను ఇళ్లలో పెంచుకునేవాళ్లు ఈ కారణంగానే గాజుపెట్టె ఒక మూల వెచ్చగా ఉంచుతారు, మేత పెట్టాక రెండు రోజులు దాన్ని ముట్టుకోరు. (మన దేశంలో నాగుపామును, జెర్రిపోతును, కొండచిలువను పెంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఎవరూ ప్రయత్నం చేయకండి.) నిజామాబాదులో జనవరి రాత్రుళ్లు ఎంత చలో మన పలచటి దుప్పట్లకు తెలుసు. పాముకు దుప్పటి కూడా లేదు. అది కట్టెల కుప్పకో, గడ్డివాముకో, చెరకు ఆకు చెత్తకో చేరుతుంది.

చెరకు మాట వచ్చింది కాబట్టి మా నాన్న సంగతి చెప్పాలి. బోధన్, ఎడపల్లి, రెంజల్ వైపు తోటల్లో ఆయన చెరకు నరికిన మనిషి. 1937లో మొదలైన బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది, తర్వాత ఆయన వరి పనులకు మారాడు. చదువు రాదు. తోట నరుకుతూ పోతుంటే ఎలుకలన్నీ నరకని చెరకులోకి జరుగుతాయి, వాటి వెంట పాములూ జరుగుతాయి. అందుకే చివరి నాలుగు సాళ్లకు వచ్చేసరికి కూలీలు కర్రతో కొట్టి, అరిచి, అప్పుడు కత్తి వేస్తారు. మేము ఎమ్మెస్సీ పుస్తకం పట్టుకుని జీర్ణక్రియ చెప్పబోతే నాన్న అన్నాడు: ‘‘తిన్న పాము ఉరకదు బిడ్డా. గది ఎర్కనే. గందుకే దాన్ని తొక్కేది మనమే.’’

ఆయన మాటలో ప్రమాదం ఉంది, జాగ్రత్తగా వినండి. తిన్న పాముకు విషం అయిపోతుందని, అది కరిచినా ఏమీ కాదని కొందరంటారు. అది తప్పు. నాగుపాము ఎలుకను కాటు వేసిన తర్వాత కూడా కోరల వెనక సంచుల్లో విషం మిగిలే ఉంటుంది. కడుపు నిండి కదలలేని పాము పారిపోలేదు కనుక తొక్కితే కరుస్తుంది. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని పరిశోధకులు లెక్క కట్టారు. ఎక్కువమంది పల్లెల్లోని వాళ్లే. కాటు పడితే కోయడం, గట్టిగా తాడు కట్టడం, మంత్రం వేయించడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా పెట్టి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోవాలి. విరుగుడు సూది అక్కడే ఉంటుంది.

ఇక నాగుల పంచమి పాలు. పాలు పాముకు ఆహారం కాదు, అరగవు. పాములవాళ్లు దాన్ని రోజుల తరబడి నీళ్లు లేకుండా ఉంచితే దాహానికి తాగుతుంది, అంతే. పుట్టకు మొక్కడం ఎవరి ఇష్టం వారిది, మేము పాము పొట్ట సంగతే చెబుతున్నాం.

జెర్రిపోతును చంపిన ఆ ఏడాది మాకు ఇంకోటి కూడా గుర్తుంది. స్టోరులో బియ్యం సంచులకు చిల్లులు పడ్డాయి. ఒక రాత్రి ఐదో తరగతి పిల్లవాడి కాలివేలును ఎలుక కొరికింది. వాడు ఏడుస్తూ లేస్తే మేమే ఆసుపత్రికి ఎత్తుకుపోయాం. ఒక్క పామును చంపడంతోనే ఎలుకలు పెరిగాయని మేము అనం. ఆడ ఎలుక మూడు వారాలకే ఈనుతుంది, బియ్యం ఉన్నచోట అవి ఎలాగూ ఉంటాయి. కానీ వాడి వేలు చూసినప్పుడల్లా ఆ కర్ర మా చేతిలోనే ఉన్నట్టు అనిపించేది.

పోయిన అక్టోబరులో తమ్ముళ్లను చూడడానికి హాస్టలుకు వచ్చాం. మళ్లీ అదే కట్టెల కుప్ప, మళ్లీ జెర్రిపోతు, మళ్లీ నడుము దగ్గర ఉబ్బు. పిల్లలు అప్పటికే కర్రలు తెచ్చారు. రంగు, పెద్ద కళ్లు, తోక వైపు నల్లటి గీతలు చూపించి, ఇది ఫలానా పాము అని చెప్పి, కుప్ప దగ్గరికి ఎవరూ పోకుండా తాడు కట్టించాం. వంట పెద్దమ్మ కట్టెలు ఇంకోవైపు నుంచి తీసుకుంది, తిట్టుకుంటూనే. సోమవారం చూసిన పాము శనివారం పొద్దున లేదు. కుప్ప పక్కన తెల్లటి సున్నం ముద్దలాంటిది, దాంట్లో ఎలుక వెంట్రుకలు కనిపించాయి. తెల్లది యూరిక్ ఆమ్లం, పాము మూత్రం అలా గట్టిగానే వస్తుంది. ఎముకలు కరిగినా వెంట్రుకలు, గోళ్లు కరగవు.

పెద్దమ్మ కొంగు అడ్డం పెట్టుకుని వంగి చూసింది. ‘‘మల్ల ఎప్పుడు ఆకలైతదంట దానికి?’’ అని అడిగింది.

ఇప్పటికే అయి ఉంటుందని చెప్పాం.

‘‘అయితే స్టోరు రూము దిక్కు పొమ్మను’’ అంది.