ఎండాకాలంలో పసిపాప నిద్ర



వైకుంఠ ఏకాదశి, ఆంగ్ల సంవత్సరాది, సంక్రాంతి. మన ఊళ్ళలో ఇవి చలికాలపు పండుగలు. హెలెన్స్‌బర్గ్‌లో మాత్రం నడి వేసవిలో వస్తాయి. నెలల పిల్లలతో స్వామి దర్శనానికి వచ్చే జంటలు, మనవణ్ణి చూసుకోవడానికి ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు ఈ రోజుల్లోనే ఎక్కువగా కనిపిస్తారు. అందుకే ఈసారి పాఠంగా ఈ విషయం తీసుకున్నాము.

ఏడాది లోపు బిడ్డ నిద్రలోనే చనిపోయి, శవపరీక్ష చేసినా, ఇల్లూ పరిస్థితులూ పరిశీలించినా కారణం దొరకకపోతే దాన్ని వైద్యులు ఆకస్మిక శిశు మరణం అంటారు. రెండు నుంచి నాలుగు నెలల వయసులో ఇది ఎక్కువ. పసివాళ్ళకు చెమట పట్టి ఒళ్ళు చల్లబడే శక్తి ఇంకా పూర్తిగా రాదు. ఒళ్ళు మరీ వేడెక్కితే, ఊపిరికి ఇబ్బంది కలిగినప్పుడు ఉలిక్కిపడి లేచే గుణం మందగిస్తుందని పరిశోధకుల అభిప్రాయం.

కెనడాలోని మాంట్రియాల్ నగరంలో 1981 నుంచి 2010 దాకా జరిగిన ఇలాంటి మరణాలను పరిశీలిస్తే, 20 డిగ్రీల రోజులతో పోల్చినప్పుడు 29 డిగ్రీలు దాటిన రోజుల్లో ముప్పు రెట్టింపు కంటే ఎక్కువగా కనిపించింది. ఎండే కారణమని దీనితో రుజువు కాలేదు. చలికాలంలోనూ ఈ మరణాలు జరిగాయి. అప్పుడు ముప్పు ఎక్కువ దుప్పట్ల నుంచి, తల కప్పడం నుంచి వచ్చింది. రెండింటిలోనూ ఉన్నది ఒకటే, బిడ్డ ఒళ్ళు వేడెక్కడం. మన సభ్యులు చాలామంది ఉండే పశ్చిమ సిడ్నీ సంగతి తెలిసిందే. 2020 జనవరి 4న పెన్రిత్‌లో 48.9 డిగ్రీలు నమోదైంది.

ఇక్కడే ఇంట్లో చిన్న పేచీ వస్తుంది. నలుగు పెట్టి నీళ్ళు పోసి, సాంబ్రాణి వేసి, కుల్లా పెట్టి, బొంతలో చుట్టి పడుకోబెట్టాలంటారు పెద్దలు. వద్దంటుంది కోడలు. పెద్దల మాటలో ప్రేమ తప్ప వేరే లేదు. కానీ గాలి ఆడే వసారాలో, నులక మంచం మీద పెరిగిన పద్ధతి, తలుపులు బిగించిన ఇటుక ఇంటికి సరిపడదు. పసివాళ్ళ ఒంటి వేడి తలనుంచే ఎక్కువగా పోతుంది. కాబట్టి నిద్రలో కుల్లా వద్దు. పొగ ఎటువంటిదైనా పాప గదిలో వద్దు.

బోర్లా పడితే బొబ్బట్లు పంచుకునే వాళ్ళం మనం. ఆ పండుగ చేసుకుందాం, కానీ నిద్రకు మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెడదాం. అడిలైడ్ వైద్యురాలు సుసాన్ బీల్ మరణం జరిగిన ఇళ్ళకు స్వయంగా వెళ్ళి, బోర్లా నిద్రలోని ప్రమాదాన్ని ముందుగా గుర్తించిన వారిలో ఒకరు. 1991లో ఆస్ట్రేలియా అంతటా ప్రచారం మొదలయ్యాక ఈ మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. అలవాటు మార్చుకుంటే ప్రాణాలు నిలుస్తాయనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఎండ రోజుల్లో ఇవి గుర్తుంచుకుందాం:

• పాప మెడ వెనకో, ఛాతీ మీదో తాకి చూడండి. వేడిగా, చెమటగా ఉంటే ఒక పొర తీయండి. చేతులు, కాళ్ళు చల్లగా ఉండడం మామూలే.
• మంచంలో దిండు, బొంత, బొమ్మలు వద్దు. బోర్లా పడే ప్రయత్నం మొదలైతే గుడ్డలో చుట్టడం మానేయండి.
• ఫ్యాన్ గాలి గదిలో తిరగనివ్వండి, నేరుగా పాప మీదకు వద్దు.
• ఆరు నెలల లోపు నీళ్ళు కాదు, పాలే మరికొన్నిసార్లు పట్టండి.
• తోపుడు బండి మీద పొడి గుడ్డ కప్పితే లోపల వేడి పెరుగుతుంది.
• ప్రసాదం తెచ్చే రెండు నిమిషాలకైనా బిడ్డను కారులో వదలవద్దు.
• పాప మందకొడిగా ఉండి, పాలు తాగకపోతే వెంటనే వైద్యుణ్ణి చూడండి. లేపినా లేవకపోతే, ఊపిరి తేడాగా ఉంటే 000కు ఫోన్ చేయండి.

చివరగా ఒక మాట. ఎంత జాగ్రత్తగా ఉన్నా కొన్ని ఇళ్ళలో ఈ దుఃఖం వస్తుంది. అలాంటి తల్లి ఎదురైతే "ఏం చేశావమ్మా?" అని అడగవద్దు. పక్కన కూర్చుందాం. అదీ స్వామి సేవే.