మెయిల్ రాకముందే

సోమవారం పొద్దున లాప్‌టాప్ తెరుస్తూ ‘లాగిన్ అవుతుందా, అవదా’ అని ఊపిరి బిగపట్టారా? క్యాలెండర్‌లో హెచ్‌ఆర్ పేరుతో పావుగంట మీటింగ్ కనబడగానే అరచేతులకు చెమట పట్టిందా? అయితే ఈ నాలుగు మాటలూ మీకోసమే.

2023 జనవరిలో గూగుల్ 12 వేల మందిని, మైక్రోసాఫ్ట్ 10 వేల మందిని తీసేస్తున్నామని ప్రకటించినప్పుడు అది అమెరికా గొడవేలే అనుకున్నవాళ్లు చాలామంది. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో రెండు శాతాన్ని, అంటే 12 వేల పైచిలుకు మందిని తగ్గించుకుంటానన్నాక ఆ భయం మాదాపూర్ హాస్టళ్ల మీదుగా ఊళ్లలో ఉన్న అమ్మానాన్నల దాకా పాకింది. సర్కారు కొలువంత భద్రమని నమ్మి పిల్లనిచ్చిన కంపెనీ అది మరి!

ఉద్యోగం పోయినవాళ్లను నలుగురూ ఓదారుస్తారు. పోతుందేమోనని బిక్కుబిక్కుమంటున్నవాళ్లను మాత్రం ‘ఇంకా పోలేదుగా’ అని కొట్టిపారేస్తారు. అది అన్యాయం. 2016లో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 45 మందితో ఒక కంప్యూటర్ ఆట ఆడించారు. తెర మీద రాళ్లుంటాయి. రాయి కింద పాము ఉందో లేదో ఊహించి చెప్పాలి. పాము కనబడితే చేతికి కరెంటు షాక్. షాక్ ఖాయమని తెలిసినప్పటి కంటే, తగులుతుందో లేదో సగం సగంగా ఉన్నప్పుడే వాళ్లకు ఒత్తిడి ఎక్కువైంది. చెమట, కంటిపాప కొలతలు కూడా ఆ మాటే చెప్పాయి. కాబట్టి మీకు నిద్ర పట్టకపోవడం పిరికితనం కిందికి రాదు. ఎటూ తేలని దాన్ని మోయడం మనిషి ఒంటికే కష్టం.

మరేం చేయాలి? కంపెనీ నిర్ణయం మీ చేతిలో లేదు. తేలనివాటిలో మీరు తేల్చగలిగినవి మాత్రం చాలానే ఉన్నాయి. ఒక్కొక్కటే తేల్చేయండి.

మొదటిది డబ్బు. ఈ రాత్రే కాగితం తీసి ఇంటద్దె, ఈఎంఐలు, స్కూలు ఫీజు, ఊరికి పంపేది, కిరాణా నెలకెంతో వరసగా రాయండి. చేతిలో ఉన్నదాన్ని ఆ మొత్తంతో భాగించండి. నాలుగు నెలలు వస్తుందా, తొమ్మిది నెలలా? అంకె చిన్నదైనా సరే, తెలిసిన అంకె తెలియని భయం కంటే నయం. కొత్త కారు, పెద్ద ఫ్లాటు ఆలోచన ఉంటే కొన్నాళ్లు పక్కన పెట్టండి.

రెండోది ఆరోగ్య బీమా. చాలాచోట్ల కంపెనీ ఇచ్చిన బీమా ఉద్యోగంతోనే పోతుంది, దాంతోపాటు అమ్మానాన్నలదీ. సొంత పాలసీ ఇప్పుడే తీసుకోండి. కొత్త పాలసీలో పాత జబ్బులకు మూడేళ్ల వరకు నిరీక్షణ ఉండొచ్చు, అందుకే ఈ పనికి ఆలస్యం పనికిరాదు. మూడోది కాగితాలు. జీతం స్లిప్పులు, ఫారం 16, ఆఫర్ లెటర్, అప్రైజల్ కాగితాలు మీ సొంత మెయిల్‌లో భద్రం చేసుకోండి. కంపెనీ ఫైళ్ల జోలికి మాత్రం పోవద్దు. ఐదేళ్ల సర్వీసు నిండితే గ్రాట్యుటీ మీ హక్కు. ఎవరైనా గదిలోకి పిలిచి అక్కడికక్కడే రాజీనామా మీద సంతకం చేయమంటే, చదువుకోవడానికి సమయం అడగండి. ఆ గదిలో చాలామంది కంగారులో చేసేస్తారు. తర్వాత ఏళ్ల తరబడి కుమిలిపోతారు.

అమెరికాలో హెచ్‌-1బీ మీద ఉన్న మనవాళ్లకు ఈ లెక్కలు ఇంకా కఠినం. జీతం అందిన ఆఖరి పనిదినం తర్వాత అక్కడ ఉండటానికి గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఐ-94లో రాసిన బస గడువు అంతకంటే ముందే ముగిస్తే గడువు అక్కడితోనే సరి. సెవరెన్స్ డబ్బు వస్తోంది కదా అని ఆ రోజులు పెరగవు. ఇమ్మిగ్రేషన్ లాయరు నంబరు ఇప్పుడే దగ్గర పెట్టుకోండి.

ఇక అన్నిటికంటే కష్టమైన పని. ఇంట్లో చెప్పడం.

మన ఇళ్లలో ఉద్యోగమంటే జీతం ఒక్కటే కాదు. చెల్లెలి సంబంధం, నాన్న చేసిన అప్పు, పెళ్లిళ్లలో ‘మావాడు ఫలానా కంపెనీలో’ అనే మాట, అన్నీ దాన్నే పట్టుకుని ఉంటాయి. అందుకే ఉద్యోగం పోయాక కూడా రోజూ బ్యాగు తగిలించుకుని బయల్దేరి, ఏ పార్కులోనో మెట్రో స్టేషన్లోనో పొద్దుపుచ్చి ఇంటికొచ్చేవాళ్లుంటారు. ఆ నటన ఉద్యోగం కంటే ఎక్కువ అలుపు. పైగా ఇంట్లోవాళ్లకు ఏదో జరుగుతోందని తెలుస్తూనే ఉంటుంది. మీరు అన్నం దగ్గర పరాకుగా ఉండటం, చిన్నమాటకే పిల్లల్ని కసరడం వాళ్లు చూస్తున్నారు. తెలియక, వాళ్లు ఇంకా పెద్ద కీడేదో ఊహించుకుంటారు. ‘మా ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారు. నా సంగతి ఇంకా తెలియదు. మన దగ్గర ఇన్ని నెలలకు సరిపడా ఉంది’ అనండి. మూడు ముక్కలే. రాసిపెట్టుకున్న ఆ అంకె ఇక్కడ అక్కరకొస్తుంది.

వాట్సాప్ గ్రూపుల్లో, టీ బడ్డీ దగ్గర వచ్చే లిస్టుల పుకార్లకు రోజుకు పది నిమిషాలు మించి ఇవ్వకండి. ఆ సమయాన్ని పాత పరిచయాలకివ్వండి. ఉద్యోగాలెలా దొరుకుతాయో ఆరా తీసిన అమెరికా సామాజికవేత్త మార్క్ గ్రానోవెటర్, రోజూ కలిసే స్నేహితుల కంటే అప్పుడప్పుడూ తారసపడే పరిచయస్తుల ద్వారానే ఎక్కువమందికి కబురు అందిందని 1970లలోనే చూపించాడు. మూడేళ్లుగా మాట్లాడని పాత టీమ్‌లీడ్‌కు ‘బాగున్నారా సార్’ అని ఒక్క మెసేజ్ పెట్టడంలో చిన్నతనమేమీ లేదు.

ఒకవేళ ఉద్యోగం పోనే పోయిందనుకోండి. కడుపులో ఉన్నదంతా కాగితం మీద పెట్టండి. 1994లో అమెరికాలో ఉద్యోగం కోల్పోయిన 63 మంది మీద ఒక అధ్యయనం వచ్చింది. ఉద్యోగం పోవడం గురించి తమ మనసులో ఉన్నది కొన్ని రోజులపాటు రాసినవాళ్లకు, రాయనివాళ్లకంటే త్వరగా కొత్త ఉద్యోగాలు దొరికాయి. కోపం లోపల ఉడుకుతుంటే ఇంటర్వ్యూలో అది గొంతులోకి వచ్చేస్తుంది. అందుకే అది కాగితం మీదికి పోవాలని నా నమ్మకం.

మీది నిలబడి, పక్క సీటు ఖాళీ అయితే? ఆ మనిషికి ఫోన్ చేయండి. ఏం మాట్లాడాలో తోచక చాలామంది మొహం చాటేస్తారు. నిన్నటిదాకా డబ్బాలో కూర పంచుకున్న మనిషికి ఆ మౌనం కంపెనీ మెయిల్ కంటే ఎక్కువ కోస్తుంది.

వారాల తరబడి నిద్ర లేకపోయినా, బతుకు మీదే విసుగు పుట్టినా ఒంటరిగా మోయకండి. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. డబ్బు కట్టనక్కర్లేదు. రాత్రి రెండింటికి చేసినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు.