భూమిలోని నీటి గొట్టములు పగిలినచో

కృష్ణా డెల్టాలోని నల్లరేగడి వేసవిలో బీటలువారి, వానలకు ఉబ్బును. ఈ కదలికకు భూమిలోని గొట్టముల అతుకులు వదలును. తొట్టికి పగులు లేకున్నను, కుళాయిలన్నియు కట్టిన పిదప కూడ నీరు తగ్గుచున్నచో గొట్టము కారుచున్నదని గ్రహించవలెను.

పి.వి.సి. గొట్టము ఒకచోట మాత్రమే పగిలినచో ఆ ముక్కను కోసివేసి, తడి తుడిచి, కొత్త ముక్కను కప్లింగులతోను సాల్వెంటు సిమెంటుతోను అతికించిన చాలును. ఒక దినము ఆరనిచ్చి నీరు వదలవలెను. తుప్పు పట్టిన పాత ఇనుప గొట్టము పలుచోట్ల కారుచున్నచో మాట్లు వేయుట వృథా. మొత్తము మార్చుటయే మేలు. కొత్త గొట్టము చుట్టును ఇసుక పోసి పూడ్చవలెను.

మురుగుకాలువ ప్రక్కనున్న పగులును ఒక్కరోజైనను ఉపేక్షింపరాదు. సరఫరా ఆగినపుడు మురుగు గొట్టములోనికి చేరి విరేచనములు, కామెర్లు కలిగించును. బాగుచేయువరకు కాచిన నీరే త్రాగవలెను.