చేపపిల్లను కొనుట, కాపాడుట

పెదపాడు ప్రాంతమువారికి చేపలను గూర్చి చెప్పబూనుట కొల్లేటికి నీరు మోసినట్లుండునని కొందరనవచ్చును. ఏలూరు నుండి కైకలూరు వైపు ఏ త్రోవన పోయినను ఇరుప్రక్కల చేపల చెరువులే. గుంజలకు వ్రేలాడదీసిన తవుడు సంచులు, వానిచుట్టు మూగు చేపలు ఇచ్చటి పసిపిల్లలకు సైతము ఎరుకయే. అయినను ఒక్క భేదము గలదు. సొంత చెరువుగల రైతు తన సొమ్ము పెట్టి, తన కంటితో చూచి పిల్లను కొనును. పంచాయతీ చెరువునకు పిల్లను కొనునది ఒకరు, తెచ్చునది మరియొకరు, నీటిలో వదలునది వేరొకరు. చచ్చిన పిల్లకు జవాబు చెప్పువారెవరును ఉండరు. అందుచేతనే ఈ నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చినది.

ఒక గ్రామమున ఇట్లు జరిగినదనుకొనుడు. మిట్టమధ్యాహ్నము వ్యాను వచ్చును. సంచులు గట్టున దింపుదురు. పెద్దలందరు వచ్చువరకు అవి ఎండలో నుండును. పిదప పెద్దలొక్కొక్కరు ఒక్కొక్క సంచిని విప్పి గుప్పున నీటిలో గ్రుమ్మరింతురు. అందరును సంతోషముతో ఇండ్లకు పోవుదురు. మరునాటి ఉదయము గాలివాలు గట్టున తెల్లని పొట్టలతో పిల్లలు తేలియుండును. కొన్ని అడుగునకు పోవును గనుక నష్టమెంతయో ఎవరికిని తెలియదు. ఏడాది గడచి వల లాగిననాడు పట్టుబడి స్వల్పముగా నుండగా, దొంగలు పట్టిరని ఒకరు, నీరు మంచిది కాదని ఒకరు చెప్పుకొందురు. నిజమునకు ఆ చెరువు ఫలము మొదటి దినముననే పోయినది.

పిల్ల వచ్చిన విధము

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు అను మూడును నదీజాతి చేపలు. చెరువునందు ఎంత బలిసినను నిలువనీటిలో ఇవి సాధారణముగా గ్రుడ్లు పెట్టవు. వరదకాలమున పారు నీటిలోనే పెట్టును. పూర్వము నదులలో వరదవేళ సన్ననివలలు కట్టి పిల్లలను పట్టి, కుండలలో మోసి తెచ్చెడివారు. వానిలో వాలుగవంటి తిండిపోతు చేపల పిల్లలును కలిసియుండెడివి.

1957 జులై 10వ తేదీన ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, ఆలికుంజి అను శాస్త్రజ్ఞులు ఈ జాతి చేపలకు పీయూష గ్రంథి రసమును సూదితో ఎక్కించి గ్రుడ్లు పెట్టించుటలో కృతకృత్యులైరి. ఆ దినమునే ఏటేట జాతీయ మత్స్య రైతుల దినోత్సవముగా జరుపుచున్నారు. నాటినుండి పిల్ల కొరకు వరదను నమ్ముకొనవలసిన అగత్యము తీరినది. ఈనాడు మన ప్రాంతమున చేపపిల్లల ఉత్పత్తి కేంద్రములు పెక్కు గలవు. పిల్ల దొరకుట సులభమైనది. మంచి పిల్లను ఎంచుట మాత్రము నేటికిని మన వివేకముపైననే ఆధారపడియున్నది.

దాని స్వభావమును ముందెరుగుడు

ఏ చేపను కొనదలచినను ముందడుగవలసిన ప్రశ్నలు రెండు: అది ఎక్కడ తిరుగును? ఏమి తినును? పట్టణములలో కొందరు గాజుతొట్లలో ఉప్పునీరు నింపి పగడపుదిబ్బల చేపలను పెంచుదురు. వానిలో రాస్ అను అందమైన జాతి యొకటి గలదు. మన లక్షద్వీపములయందును, మన్నారు సింధుశాఖయందును ఈ జాతి చేపలున్నవి. వీనిలో కొన్ని రాత్రివేళ ఇసుకలో దూరి నిద్రించును. ఇసుకలేని తొట్టిలో వేసినచో అవి అడుగున ఒరసికొని గాయపడును. మరియొక రకము పెద్ద చేపల ఒంటిమీది పురుగులను ఏరి తిని బ్రతుకును. అది ఒంటరిగా తొట్టిలో నున్నచో తిండిలేక కృశించును. రంగు చూచి కొన్నవాడు కొలది దినములలోనే దానిని పోగొట్టుకొనును. స్వభావమెరిగి కొన్నవాడు నిలుపుకొనును.

మన చెరువు చేపకును ఇదియే న్యాయము. బొచ్చె నీటి పైపొరలో తిరుగుచు సూక్ష్మజీవులను తినును. శీలావతి నడిమి నీటిలో నుండును. ఎర్రమోసు అడుగునకు చేరి కుళ్లిన ఆకు అలములను తినును. మూడింటిని కలిపి వేసినచో ఒకదాని తిండికి మరియొకటి పోటీరాదు. కొల్లేటి రైతులు తవుడు మేపి పెంచుదురు గనుక శీలావతిని అధికముగా వేయుదురు. ఎక్కువ మేత పెట్టలేని గ్రామపు చెరువునకు పదింట బొచ్చె 3, శీలావతి 4, ఎర్రమోసు 3 పాళ్లుగా వేయుట మేలు. ఎకరమునకు వేలెడు పిల్లలు 2,000 చాలును. అంతకు మించినచో సంఖ్య హెచ్చును గాని చేప పెరుగదు.

చౌకపిల్ల లెక్క

గ్రుడ్డునుండి వెలువడిన మూడుదినముల పిల్లను స్పాను అందురు. అది బియ్యపుగింజంతయైన నుండదు. అంగుళము పిల్ల రెండవ దశ. నాలుగు అంగుళముల వేలెడు పిల్ల మూడవ దశ. స్పాను మిక్కిలి చౌక. కావున ఒక లక్ష స్పాను కొని చెరువులో పోసినచో చాలునని సభలో ఎవరైన అనవచ్చును. లెక్క చూడుడు. చక్కగా సిద్ధపరచిన నర్సరీ మడిలో సైతము స్పాను అంగుళము పిల్లయగునప్పటికి నూటికి 30 మొదలు 50 వరకే మిగులును. అది వేలెడు పిల్లయగునప్పటికి వానిలో నూటికి 60 లేక 70 మిగులును. అనగా అన్నియు సరిగా జరిగినను లక్షకు 18 వేలు మొదలు 35 వేలు మాత్రమే. ఇక జెల్లలు, కొరమీనులు, నీటిపురుగులు నిండిన గ్రామపు చెరువులో స్పాను పోయుట వానికి విందు చేయుటయే. నర్సరీ మడి లేని పంచాయతీ వేలెడు పిల్లనే కొనవలెను.

చెరువు సిద్ధమైనదా?

పిల్లను తెచ్చిన పిదప చెరువును బాగుచేయుట పెండ్లికూతురు గుమ్మమున నుండగా ఇల్లలికినట్లుండును. ముందుగా తీసివేయవలసినవి గుర్రపుడెక్క, పిల్లను తిను చేపలు. వేసవిలో చెరువు పూర్తిగా ఎండినచో అంతకంటె మేలైన ఉపాయము లేదు. ఎండనిచో నీటిని వీలైనంత తగ్గించి ఇప్పపిండి చల్లుదురు. ఎకరము చెరువునకు ఒక మీటరు లోతున సుమారు 1,000 కిలోలు కావలసియుండును. దాని విషము విరుగుటకు మూడు వారములు పట్టును. అంతవరకు పిల్లను వదలరాదు.

ఇచ్చట ఒక హెచ్చరిక. కాలువలు కట్టివేసిన దినములలో మన గ్రామములు మంచినీటి చెరువులనే నమ్ముకొనియుండును. త్రాగునీటి చెరువునందు ఇప్పపిండిగాని, పేడగాని, ఎరువుగాని వేయరాదు. చేప ఆదాయముకొరకు త్రాగునీటిని పాడుచేయు అధికారము ఏ తీర్మానమునకును లేదు. మరియు కొల్లేరు అభయారణ్యపు హద్దులలో క్రొత్త చేపల చెరువు త్రవ్వుట చట్టవిరుద్ధము. ఈ వ్యాసము గ్రామములోని పాత చెరువులను గూర్చినదే.

తూమునకు సన్నని జల్లెడ బిగింపవలెను. లేనిచో కాలువనీటితోబాటు మనము తొలగించిన చేపలే మరల వచ్చును. నీటి పరీక్షను బట్టి ఎకరమునకు సుమారు 100 కిలోల సున్నము చల్లుట వాడుక.

కొనుచోట చూడవలసినవి

1. పళ్లెములో పిల్లలను పోసి చేతితో నీటిని గుండ్రముగా త్రిప్పుడు. బలముగల పిల్ల సుడికి ఎదురీదును. బలహీనమైనది నీటితోబాటు కొట్టుకొనిపోయి నడుమ చేరును.

2. రెక్కలు చిరిగినవి, పొలుసులూడినవి, ఎర్రని మచ్చలు గలవి ఉన్నచో ఆ గుంపును విడువుడు. 1988లో మన దేశపు ఈశాన్య భాగమున ప్రవేశించి పిదప దేశమెల్ల వ్యాపించిన పుండ్ల తెగులు ఎర్రని మచ్చలతోనే మొదలగును. ఒంటికంటుకొని ప్రాకు చేపపేనును గూడ వెదకి చూడుడు. శీలావతికి అది ప్రబల శత్రువు.

3. పిల్లలన్నియు ఒకే పరిమాణమున నుండవలెను. పెద్దది ముందుగా మేతకు చేరి చిన్నదానిని వెనుకకు నెట్టును.

4. అమ్మువారు చిన్న జల్లిగిన్నెతో కొలిచి ఇత్తురు. ఏదో ఒక గిన్నెను మీరే ఎంచి, అందలి పిల్లలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టింపుడు. ఆ లెక్కను గిన్నెల సంఖ్యచే హెచ్చవేసినచో మొత్తము తెలియును. ఈ పది నిమిషముల ఓపిక అనేక వివాదములను తప్పించును.

5. పిల్లలను ముందటిదినమే చెరువునుండి తీసి, మేత పెట్టక నీటితొట్టిలో నుంచిరా అని అడుగుడు. నిండుకడుపుతో సంచిలోనికి పోయిన పిల్ల విసర్జించిన మలము ఆ కొద్దినీటిని విషముగా మార్చును.

త్రోవలోను, గట్టునను

సంచిలో మూడవవంతు నీరు, తక్కినది ప్రాణవాయువు ఉండవలెను. ప్రయాణము రాత్రి చల్లదనమున జరిగి తెల్లవారిన పిదప చెరువు చేరునట్లు ఏర్పాటు చేయుడు. పగటివేళ తప్పనిచో సంచులపై తడిగోనెలు కప్పవలెను.

గట్టు చేరిన పిదప తొందరయే పరమశత్రువు. సంచిలోని నీటి వేడిమి వేరు, చెరువు నీటి వేడిమి వేరు. రెండు మూడు డిగ్రీల భేదము మనకు తెలియకపోవచ్చును గాని ఆ పసిప్రాణమునకు అది పెద్ద దెబ్బ. కట్టు విప్పకుండ సంచిని 15 లేక 20 నిమిషములు చెరువునీటిపై తేలనిండు. పిదప మూతి విప్పి చెరువునీటిని దోసెడు దోసెడుగా సంచిలోనికి పోయుచుండుడు. మరి పది పదిహేను నిమిషములకు సంచిని ఒరగబెట్టినచో పిల్లలు తమంతట తామే ఈదుకొని పోవును. గ్రుమ్మరింపరాదు.

పేను అనుమానమున్నచో లీటరు నీటికి 20 గ్రాముల ఉప్పు కలిపి, అందు రెండు మూడు నిమిషములు ముంచి తీయవచ్చును. పిల్ల తూలినచో వెంటనే తీసివేయవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది హాపా. అనగా సన్నని వలతో దోమతెరవలె కుట్టి నీటిలో నాలుగు కర్రలకు కట్టిన పెట్టె. వచ్చిన పిల్లలలో నూటిని లెక్కించి ఇందు విడువుడు. మరునాడు చూచినచో ఎన్ని చచ్చినవో స్పష్టముగా తెలియును. నూటికి రెండు మూడు పోయినచో విచారము లేదు. ఇరువదియో ముప్పదియో పోయినచో చెరువులోని పిల్లలకును అంత నష్టము కలిగినదని గ్రహింపవలెను. ఇది లేనిచో మనకు మిగులునది ఊహ మాత్రమే.

మొదటి నెల

తెల్లవారుజామున చెరువునకు పోయి చూచు అలవాటు కావలెను. నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తగ్గు సమయమదియే. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచుచున్నచో ఆ పూట మేత మాని, క్రొత్తనీరు పెట్టవలెను, లేదా ఇంజనుతో చెరువునీటినే తోడి చెరువులోనే చిమ్మింపవలెను. ముసురు పట్టిన దినములలో మరింత జాగరూకత అవసరము.

ఎవరి తొట్టిలోని చేపనైనను, అందముగా నున్నదని తెచ్చి ఊరిచెరువులో వదలనీయకుడు. దెయ్యపుచేప అని మనవారనునది దక్షిణ అమెరికాకు చెందినది. తొట్టి గాజును శుభ్రము చేయునని అలంకార చేపల అంగళ్లలో అమ్మబడి, పిదప నీటివనరులలో ప్రవేశించినది. దాని గట్టి కవచము వలలను చింపును. గట్లలో బొరియలు త్రవ్వును. వలలో పడినదానిని తిరిగి నీటిలో పారవేయక గట్టుకు దూరముగా పూడ్చివేయవలెను. ఆఫ్రికా మార్పుచేపను పెంచుటయు మన దేశమున నిషిద్ధమే.

పంచాయతీ కర్తవ్యము

రాజ్యాంగమునకు 1992లో చేసిన 73వ సవరణచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలునందు మత్స్య పరిశ్రమ 5వ అంశము. గ్రామపు చెరువును గూర్చి ఆలోచించుట పంచాయతీకి అదనపు పని కాదు, సొంతపనియే. కావున తీర్మానమునందు పిల్లల రకము, పరిమాణము, సంఖ్య, ధర వ్రాయుడు. కొనుటకు పోవు ఇద్దరు సభ్యుల వెంట అనుభవజ్ఞుడైన మత్స్యకారునొకని తప్పక పంపుడు. హాపాలో ఇన్నిటికి మించి చచ్చినచో తిరిగి పిల్ల ఇయ్యవలెనని అమ్మువానితో ముందే వ్రాయించుకొనుడు. మరునాటి హాపా లెక్కను సభ్యుల సంతకములతో పుస్తకమున ఎక్కింపుడు. మత్స్యకారుల సంఘమునకు చెరువు కౌలుకిచ్చినచో ఈ పద్ధతినే వారికిని తెలుపుడు. సందేహములున్నచో మండలములోని మత్స్యశాఖవారిని గాని, ఉండిలోని మత్స్య పరిశోధన కేంద్రమును గాని అడుగవచ్చును.

వేలెడు పిల్ల నోరులేని ప్రాణి. సంచిలో ఉక్కిరిబిక్కిరియైనను, ఎండకు వేగినను అది ఎవరితోను చెప్పుకొనలేదు. దాని పక్షమున చెప్పవలసినవారు పంచాయతీ సభ్యులే. ఆ చెరువు రాబడితో వీధిదీపము వెలుగవలెనన్నను, బడికి ప్రహరీ లేవవలెనన్నను, పిల్ల వచ్చిన ఉదయమున గట్టున ఒక గంటసేపు ఓపికతో కూర్చుండుడు. ఏడాది ఫలము ఆ గంటలో నున్నది.