జయ జయహే పాట రికార్డు అయిన తీరు

వారాసిగూడ నుంచి లాలాగూడ ఎంతో దూరం లేదు. కవి అందెశ్రీ ఆ లాలాగూడలోనే ఉండేవారు. "జయ జయహే తెలంగాణ" పాట రాసింది ఆయనే.

అందెశ్రీ 1961లో అప్పటి వరంగల్ జిల్లా రేబర్తి ఊళ్లో పుట్టారు. అసలు పేరు ఎల్లయ్య. అమ్మానాన్న లేని పిల్లవాడు. బడికి పోలేదు. పశువులు కాశారు, తాపీ పని చేశారు. పాట మాత్రం ఆయన నోట పుట్టేది. తర్వాత కాకతీయ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. బడి మెట్టు ఎక్కని మనిషికి డాక్టరేటు!

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఈ పాట సభల్లో, బడుల్లో మోగింది. ఎవరి గొంతుకు వచ్చినట్టు వాళ్లు పాడుకున్నారు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. కానీ పాట రాష్ట్ర గీతం కాలేదు. పదేళ్లు ఆగింది. 2024 ఫిబ్రవరి 4న మంత్రివర్గం ఒప్పుకుంది.

రాష్ట్ర గీతం అంటే అందరూ ఒకే వరసలో పాడాలి. ఆ వరస కట్టి రికార్డు చేసే పని ఎం.ఎం. కీరవాణి చేశారు. "నాటు నాటు" పాటకు 2023లో ఆస్కార్ తెచ్చింది ఆయనే. తెలంగాణ పాటకు తెలంగాణ వాళ్లే సంగీతం కట్టాలని కొందరు అడిగారు. అడగడంలో తప్పేమీ లేదు. సంగీత దర్శకుణ్ణి ఎంచుకునే పని అందెశ్రీకే వదిలామని ముఖ్యమంత్రి చెప్పారు.

పాట రికార్డు చేసే గదిని స్టూడియో అంటారు. బయటి చప్పుడు లోపలికి రాదు. ఆటో హారన్ వినపడదు, కుక్కర్ కూత వినపడదు. ఇప్పటి స్టూడియోల్లో మామూలుగా ముందు తాళం, వాద్యాలు రికార్డు చేస్తారు. పాడేవాళ్లు వాటిని చెవుల్లో వింటూ మైకు ముందు పాడతారు. ఒక్క మాట తప్పు పోయిందనుకోండి. ఆ ముక్క ఒక్కటే మళ్లీ పాడితే చాలు. బృందం గొంతులు వేరుగా తీస్తారు. చివరికి అన్నీ కలుపుతారు. కూరలో ఉప్పు, కారం చూసుకున్నట్టే. డప్పు ఎక్కువైతే మాట వినపడదు, దాన్ని తగ్గిస్తారు.

పూర్తి పాట 13న్నర నిమిషాలు. సభలో అంతసేపు నిలబడాలంటే ముసలివాళ్ల కాళ్లు లాగుతాయి. మన జాతీయ గీతం 52 సెకన్లే కదా! అందుకే రెండున్నర నిమిషాల చిన్న పాట కూడా చేశారు. ఏ చరణం ఉంచాలి, ఏది వదలాలి? అది తేలిక పని కాదు.

2024 జూన్ 2న సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్‌లో ఆ పాట రాష్ట్ర గీతంగా వినపడింది. 2025 నవంబర్ 10న అందెశ్రీ ఇంట్లోనే పడిపోయారు. గాంధీ ఆసుపత్రికి తీసుకుపోయారు, కానీ బతకలేదు. ఆయనకు 64 ఏళ్లు.

చేసి చూడండి: మీకు నోటికి వచ్చిన పాట ఒకటి నోటుబుక్కులో రాయండి. గడియారం చూస్తూ పాడండి. ఎన్ని నిమిషాలు పట్టింది? రెండు నిమిషాల్లో ముగించాలంటే ఏ చరణం వదులుతారు?