కాయల బండికి బ్రేకు పట్టకపోతే

మన కోనసీమలో పాత పికప్ బండి లేని ఊరు అరుదు. దింపు తీసిన తోట దగ్గర నుంచి అంబాజీపేట మార్కెట్‌కి కొబ్బరికాయలు చేర్చేది అదే, అరటి గెలలు మోసేది అదే, పెళ్లింటికి షామియానా తెచ్చేదీ అదే. మన రోడ్లు చూస్తే చాలా చోట్ల ఒక పక్క కాలవ, రెండో పక్క పంట బోదె. ఇలాంటి గట్టు మీద బ్రేకు కాస్త ఆలస్యంగా పట్టిందంటే బండి ఆగేది నీళ్లలోనే. పైగా లోడు మీద కూలీలు కూర్చుని ఉంటారు. అందుకని ఈసారి పాఠం బ్రేకుల మీద. మెకానికల్ వాళ్లకే కాదు, సీఎస్ఈ వాళ్లకీ అర్థమయ్యేలా చెప్పుకుందాం.

ముందు చిన్న లెక్క. బండీ సరుకూ కలిపి 3,000 కిలోలు, వేగం గంటకు 60 కిలోమీటర్లు అనుకుందాం. అంటే సెకనుకు 16.7 మీటర్లు. చలనశక్తి సుమారు 4.17 లక్షల జౌళ్లు. దాదాపు 1.4 లీటర్ల నీళ్లని 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తీసుకెళ్లేంత వేడి అది. బండిని పూర్తిగా ఆపాలంటే ఆ శక్తిలో ఎక్కువ భాగం ప్యాడ్లు, డ్రమ్ములే మింగాలి. వేగం 30 నుంచి 60కి పెరిగితే ఈ వేడి నాలుగింతలవుతుంది. ఇంటర్‌లో చదివిన సూత్రమే!

ఇక కాలి బలం చక్రం దాకా ఎలా వెళ్తుంది? పెడల్ తొక్కితే బూస్టర్ సాయంతో మాస్టర్ సిలిండర్ పిస్టన్ కదులుతుంది. పైపుల్లోని బ్రేక్ ఆయిల్ ఆ ఒత్తిడిని అన్ని చక్రాలకీ పంచుతుంది. పాస్కల్ నియమం ఇక్కడ కనిపిస్తుంది. మన పికప్పుల్లో మామూలుగా ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉంటాయి. ఈ దారిలో ఎక్కడ తేడా వచ్చినా ముందు తెలిసేది డ్రైవర్ పాదానికే. "బ్రేకు బాలేదండి" అంటే చాలదు. పెడల్ ఎలా ఉందో అడగాలి.

పెడల్ మెత్తగా, స్పాంజిలా ఉంటే పైపుల్లో ఎయిర్ పట్టిందని అనుమానించాలి. ఆయిల్ నొక్కుకోదు, గాలి నొక్కుకుంటుంది. తొక్కిన బలమంతా ఆ బుడగలకే పోతుంది. ఎయిర్ తీయించాలి, అది ఎక్కడ నుంచి దూరిందో కూడా వెతకాలి.

మొదటిసారి కిందికి వెళ్లి, వెంటనే రెండోసారి తొక్కితే పైన గట్టిగా ఆగితే, వెనక షూలకీ డ్రమ్ముకీ మధ్య సందు పెరిగి ఉండొచ్చు. అడ్జస్ట్ చేస్తే సరిపోవచ్చు. లైనింగ్ అరిగితే మార్చాలి.

తొక్కి పట్టుకుంటే నెమ్మదిగా దిగిపోతోందా? అయితే నాలుగు చక్రాల లోపలి వైపూ, పైపుల జాయింట్లూ చూడండి. ఎక్కడా తడి లేకపోతే అనుమానం మాస్టర్ సిలిండర్ మీద. లోపలి రబ్బరు కప్పులు అరిగి, ఆయిల్ వెనక్కి జారుతోందన్నమాట. బయట చుక్క కారదు కాబట్టి దీన్ని కనిపెట్టడం ఆలస్యమవుతుంది.

పెడల్ రాయిలా ఉంటే బూస్టర్ వైపు చూడాలి. పరీక్ష సులువు: ఇంజన్ ఆపి నాలుగైదు సార్లు తొక్కండి. పెడల్ గట్టిపడ్డాక కాలు తీయకుండా ఇంజన్ స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోతే వాక్యూమ్ పంపు, గొట్టం, వాల్వు, బూస్టర్‌లలో ఏదో లోపం. డీజిల్ బండికి ఆ వాక్యూమ్ ఇచ్చేది ఇంజన్‌తో తిరిగే పంపు. అందుకే చించినాడ వంతెన దిగేటప్పుడు డీజిల్ మిగులుతుందని ఇంజన్ ఆపి న్యూట్రల్‌లో వదిలేయడం ప్రాణం మీదికి తెస్తుంది. నిల్వ ఉన్న వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుంది.

బండి ఒక పక్కకి లాగుతుంటే కాస్త దూరం నడిపి ఆపి, చక్రాల దగ్గర చెయ్యి పెట్టి వేడి పోల్చండి. ముట్టుకోకండి, కాలుతుంది. మరీ వేడిగా ఉన్న చక్రంలో బ్రేకు పట్టేసి వదలట్లేదు. చల్లగా ఉన్న చక్రం పని చేయట్లేదు. క్యాలిపర్ పిన్నులు తుప్పు పట్టడం, లోపల మూసుకుపోయిన రబ్బరు గొట్టం, లైనింగ్ మీద ఆయిల్ పడటం సాధారణ కారణాలు. ఆయిల్ తాగిన లైనింగ్‌ని పెట్రోల్‌తో కడిగి మళ్లీ బిగించొద్దు. మార్చాల్సిందే.

ఇప్పుడు మన ప్రాంతానికి ప్రత్యేకమైన శత్రువు: తేమ. బ్రేక్ ఆయిల్ గాల్లోని నీటిని పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు మరిగే కనీస ఉష్ణోగ్రత 205 డిగ్రీల సెల్సియస్, 3.7 శాతం నీరు చేరితే ప్రమాణం 140 డిగ్రీలకి పడిపోతుంది. డాట్ 4కి ఇవే అంకెలు 230, 155. లోడుతో పదే పదే బ్రేకు వేస్తే పాత ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. అప్పటిదాకా బాగున్న పెడల్ ఒక్కసారిగా కిందికి పోతుంది. చల్లారాక మళ్లీ మామూలే! అందుకే షెడ్డుకి వెళ్లేసరికి "ఏం లేదండి, బానే ఉంది" అంటారు. సామాన్యంగా రెండేళ్లకోసారి ఆయిల్ మొత్తం మార్చాలి. ఇంజన్ ఆయిల్ మాత్రం చుక్క కూడా కలపొద్దు. రబ్బరు కప్పులు ఉబ్బిపోతాయి.

వరదల్లో కనకాయలంక కాజ్‌వే లాంటివి మునుగుతాయని మనకి తెలుసు. మునిగిన రోడ్డు మీదికి బండి దించొద్దు. మామూలు వాన నీళ్లలో తడిసినా, బయటికొచ్చాక తక్కువ వేగంలో బ్రేకుని తేలిగ్గా నొక్కుతూ కాస్త దూరం నడిపి, పట్టు వచ్చిందని తేల్చుకున్నాకే వేగం పెంచాలి. నీరు లోపలికెళ్లిందనిపిస్తే డ్రమ్ములు విప్పించాలి. విప్పినప్పుడు ఆ దుమ్ముని నోటితో ఊదొద్దు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడవండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరొద్దు. స్టాండు పెట్టాలి, చక్రాలకి అడ్డు పెట్టాలి.

ఆయిల్ తగ్గితే పైన పోసేయడం చాలామందికి అలవాటు. ఆయిల్ తగ్గడానికి రెండు కారణాలు: ఎక్కడో కారుతోంది, లేదా ప్యాడ్లు అరిగి పిస్టన్లు బయటికి జరిగాయి. రెండూ హెచ్చరికలే. పోసేస్తే మట్టం పెరుగుతుంది గానీ జబ్బు అలాగే ఉంటుంది. చాలా బళ్లలో బ్రేకు లైన్లు రెండు భాగాలుగా ఉంటాయి. ఒకటి పోయినా రెండోది కొంత ఆపుతుంది. ఆ సగం బ్రేకుకే డ్రైవర్ కాలు అలవాటు పడటం అసలు ప్రమాదం.

నడుస్తుండగా బ్రేకు పోతే పెడల్‌ని గబగబా పంపు చేయండి, ఒక్కొక్క గేరూ తగ్గించండి, హ్యాండ్ బ్రేకుని కొద్దికొద్దిగా లాగండి, హారన్ వదలొద్దు. తాళం మాత్రం తీయొద్దు, స్టీరింగ్ బిగుసుకుపోవచ్చు.

డ్రైవర్ "బ్రేకు కిందికెళ్తోందండి" అంటే, ఓనర్ "ఈ ఒక్క ట్రిప్పు దింపేసి రారా, రేపు చూపిద్దాం" అనడం మామూలు. ఆ ఓనర్ మన నాన్నో, మావయ్యో, బాబాయో అయి ఉండొచ్చు. ఈ సెలవులకి ఇంటికెళ్లినప్పుడు లోడు ఎక్కించకముందే పెడల్ తొక్కి చూడండి. దిగిపోతుంటే ఆ ఒక్క ట్రిప్పు ఆపించండి. కాయలు రేపైనా వెళ్తాయి.