కన్ను నేర్చిన పాఠము

పఠనభాగము: మత్తయి 5:27-30

ఒకడు ప్రార్థనకు మోకరించియుండగా ప్రక్కనున్న సెల్‌ఫోను వెలుగును. దానిని చూడకూడదని అతడు ముందే నిశ్చయించుకొనియున్నాడు. అయినను కన్ను అటు తిరుగును. వెంటనే మనస్సాక్షి అతనిని నిందించును: దేవునికంటె ఆ ఫోనే నీకు ప్రియమా? ఈ నింద ఎంతమట్టుకు న్యాయము? మనుష్యుని అవధానము అతని చిత్తమునకు పూర్తిగా లోబడియున్నదా?

1. పరిశోధన చూపినది

2011లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన బ్రయన్ ఆండర్సన్, పాట్రిక్ లారెంట్, స్టీవెన్ యాంటిస్ అను శాస్త్రజ్ఞులు ఒక పరీక్షా ఫలితములను ప్రకటించిరి. మొదటి భాగములో, పాల్గొనినవారు పలు రంగుల వలయములలో ఎఱ్ఱనిదానినో పచ్చనిదానినో వెదకి, దానిలోని గీత నిలువో అడ్డమో చెప్పవలెను. సరియైన జవాబునకు చిన్న బహుమానము ఉండెను. ఒక రంగునకు నూటికి 80 మారులు 5 సెంట్లు, తక్కిన మారులు 1 సెంటు. రెండవ రంగునకు ఇందుకు విరుద్ధముగా 80 మారులు 1 సెంటు మాత్రమే.

రెండవ భాగములో బహుమానము లేదు. రంగుతోను పని లేదు. తక్కినవాటికి భిన్నమైన ఆకారమును మాత్రము కనుగొనవలెను. అయినను, పూర్వము ఎక్కువ డబ్బు తెచ్చిన రంగు అక్కరలేని ఆకారముపై కనబడినప్పుడు జవాబు ఆలస్యమాయెను. ఆ ఆలస్యము సెకనులో అత్యల్ప భాగమే గాని, స్పష్టముగా కొలువబడినది. ఆ రంగు తక్కినవాటికంటె కొట్టవచ్చినట్లు కనబడునది కాదు. చేయుచున్న పనికి ఉపయోగపడునదియు కాదు. అది ఒకప్పుడు లాభము తెచ్చినది, అంతే.

ఈ ప్రభావము ఆరు నెలలు గడచిన తరువాత కూడ నిలిచియుండెనని ఆండర్సన్, యాంటిస్ 2013లో తెలిపిరి. మెదడులో డోపమీను అను రసాయనము విడుదలయగుటకును ఈ ఆకర్షణకును సంబంధము కలదని 2016లో వెలువడిన మరియొక అధ్యయనము చూపెను.

రంగు వలయములు మానవ జీవితమంతయు కావు. అయినను కొన్ని సెంట్ల బహుమానమే కన్నును ఇట్లు మలచగలిగిన యెడల, సంవత్సరములకొలది మనుష్యుడు తనకు తానే ఇచ్చుకొనిన సంతోషములు అతని చూపును ఎంతగా మలచవలెను!

2. అలీపియస్ మూసికొనిన కన్నులు

అగస్టీను తన ‘ఒప్పుకోలు’ గ్రంథపు ఆరవ భాగములో మిత్రుడైన అలీపియస్‌ను గూర్చి వ్రాసెను. ఇతడు కార్తేజిలో రథపు పందెముల వ్యామోహములో చిక్కి విడిపింపబడినవాడు. తరువాత రోమునకు ధర్మశాస్త్రము చదువ వెళ్లగా, స్నేహితులు అతనిని బలవంతముగా ఖడ్గయోధుల పోరాటములకు తీసికొనిపోయిరి. తన శరీరము అక్కడ ఉన్నను మనస్సు ఉండదని చెప్పి, అతడు కన్నులు మూసికొని కూర్చుండెను. అయితే చెవులు మూసికొనలేదు. ఒక యోధుడు పడిపోగా జనసమూహము వేసిన కేక విని అతడు కన్నులు తెరచెను. తెరచినవాడు మరల మూసికొనలేదు. మరల మరల వచ్చెను, ఇతరులను కూడ తోడుకొనివచ్చెను.

జనుల కేకలు అలీపియస్ చెవికి క్రొత్తవి కావు. కార్తేజి పందెములలో అవి అతని సంతోషముతో ముడిపడియుండవచ్చును. అతడు తన నిశ్చయమును నమ్మెను గాని, పూర్వము తాను నేర్చుకొనినదానిని లెక్కింపలేదు.

3. చూపునకును సమ్మతికిని మధ్య

పఠనభాగములోని ‘మోహపుచూపు’ అను తెలుగు మాటకు మూలమైన గ్రీకు పదబంధమును ‘మోహించుటకై చూచుట’ అని అనేక వ్యాఖ్యాతలు గ్రహింతురు. అందులో ఉద్దేశము కలదు. చూపు తాకుట వేరు, ఉద్దేశముతో చూచుట వేరు. అగస్టీను కూడ కొండమీది ప్రసంగమును వివరించుచు, పాపమునకు మూడు మెట్లు చెప్పెను: ప్రేరేపణ, ఆనందము, సమ్మతి. సమ్మతి యొద్దనే పాపము పూర్తియగును.

కాబట్టి త్రాగుడు మానిన సహోదరుని కన్ను దుకాణమువైపు తిరిగినంతమాత్రమున, అతని మారుమనస్సు అబద్ధమని సంఘము తీర్పు తీర్చకూడదు. అతని కన్ను పాత పాఠమును ఇంకను మరువలేదు. అతడు అక్కడనుండి నడిచిపోయెనా, నిలిచిపోయెనా అన్నదే ప్రశ్న.

అయితే ఇది సాకు కాకూడదు. నేటి చూపు అసంకల్పితమే గాని, దానికి పాఠము నేర్పిన నిన్నటి క్రియలలో అనేకము సంకల్పితములే. నేటి క్రియలు రేపటి చూపునకు పాఠము చెప్పుచున్నవి.

4. క్రొత్త పాఠము

మొదటిది, శోధన క్షణమున చిత్తబలముపై ఆధారపడకుండుట. ప్రార్థనవేళ ఫోనును మరియొక గదిలో ఉంచుట, దుకాణము లేని దారిని నడచుట బలహీనత కాదు, వివేకము. అభ్యంతరపరచు దానిని తీసివేయుమను ప్రభువు ఆజ్ఞ ఎదిరించి నిలువుమనుటలేదు, దూరపరచుమనుచున్నది.

రెండవది, మరల తిరిగివచ్చుట. అవధానమన్న మాట తెలుగువారికి క్రొత్త కాదు. అష్టావధానములో అప్రస్తుత ప్రసంగి మాటలను అవధాని వినకుండ ఉండలేడు. అతని నేర్పు, వాటికి బదులు చెప్పి, విడిచిన పద్యపాదమునకు తిరిగివచ్చుటలో ఉన్నది. ప్రార్థనలో చెదరిన మనస్సునకు ఈ నేర్పే కావలెను. నూరుమారులు చెదరి నూరుమారులు తిరిగివచ్చినవాని ప్రార్థన చెడిపోయినది కాదు.

మూడవది, ఓర్పు. నెలలకొలది నిలిచిన పాఠము ఒక దినమున మాసిపోదు. అలీపియస్ సహితము ఆ రంగస్థలము నుండి ఒక దినమున బయటపడలేదు. అయితే 387లో మిలాను పట్టణమున అగస్టీనుతోకూడ బాప్తిస్మము పొంది, తరువాత తగాస్తె సంఘమునకు బిషప్పు ఆయెను.

ఆలోచించుటకు:
1. దినములో మన చూపును ఎక్కువగా లాగుచున్నదేది? దానికి ఆ బలమిచ్చిన బహుమానమేది?
2. పాత వ్యసనమును విడిచినవారికి సంఘము ఏ విధముగా తోడ్పడగలదు?